కాంట మీదున్న బండి

మా వైపు బండ్లు తూచే కాంట దగ్గర ఒక పద్ధతి ఉంది. ట్రాక్టర్ వచ్చి ఇనుప పలక మీద ఆగగానే డ్రైవర్ ఇంజను ఆపి దిగుతాడు. పక్కన సున్నంతో గీసిన గీత దాటి నిలబడతాడు. వెంట వచ్చిన రైతు, ట్రాలీ మీద కూర్చున్న కూలీలు, అందరూ గీత అవతలే. క్యాబిన్‌లో కూర్చున్న మనిషి అంకె కదలడం మానేదాకా చూస్తాడు. కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. చీటి అచ్చై చేతికి వచ్చాక కిటికీ అద్దం మీద ఉంగరంతో ఒక్కసారి కొడతాడు. ఆ చప్పుడు వినబడితేనే బండి దిగాలి, వెనక బండి ఎక్కాలి. అంతవరకు సొంతదారుకు కూడా దాని మీద హక్కు లేదు. తొందరపడి ఎవరైనా గీత దాటితే వరుసలో ఉన్నవాళ్లే ఆపుతారు: "ఏయ్, ఆగు. కాంట మీదున్న బండి కాంటదే."

ఈ మాట నాకు కొత్త కాదు. మాది మోస్రా. వడ్ల ట్రాక్టర్‌తో మా బాపు వెంట పోయి గీత అవతల నిలబడ్డవాణ్ణే. తర్వాత కంప్యూటర్ చదువు చదివి, నిజామాబాద్‌లో జిరాక్స్ దుకాణం పైన చిన్న ఆఫీసు పెట్టి, అలాంటి కాంటలకే ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. ఇంత తెలిసిన నేనే కాంట మీదున్న బండిని ముట్టాను. అది మెషీన్ లోపల జరిగింది కాబట్టి ఎవరికీ కనబడలేదు. ఆ తప్పు ఇంకొకరి మీద పడుతుంటే ఊరుకున్నానని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. పడేసింది నేనే. ఆ సంగతి ఉన్నది ఉన్నట్టు రాయడానికి కూర్చున్నాను.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. బోధన్ రోడ్డు మీద, వర్ని దగ్గర, నందిపేట్‌లో, గోదావరి వైపు మెండోర దగ్గర ఉన్న కాంటలు ఒకే యజమానివి. బోధన్‌లో పాత వ్యవసాయ కుటుంబం ఆయనది. అందరూ పటేల్ అంటారు, నేనూ అంతే అంటాను. ఆ కాంటలన్నింటికీ సర్వర్ ఒక్కటే, అది మా ఆఫీసులో ఉంటుంది. ఏ కాంట మీద బండి ఎక్కినా దాని నంబరు, ఫొటో, బరువు మా సర్వర్‌కు వస్తాయి. సర్వర్ వాటిని డిస్కు మీద రాసుకొని, చీటి అచ్చు వేయమని తిరిగి చెబుతుంది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చుట్టుపక్కల చెరుకు తగ్గింది. వేసేవాళ్లు దూరపు ఫ్యాక్టరీలకు పంపాలి. పంపే ముందు మా కాంట మీద తూకం వేయించుకొని చీటి జేబులో పెట్టుకుంటారు. అక్కడి తూకంలో తేడా వస్తే మాట్లాడటానికి రైతు చేతిలో ఉండేది ఆ చీటి ఒక్కటే. అందుకే చెరుకు కొట్టే కాలంలో సాయంత్రమయ్యేసరికి ట్రాక్టర్లన్నీ ఒక్కసారే వస్తాయి. అదే సమయానికి నందిపేట్‌లో పసుపు సంచుల బండ్లు కూడా ఎక్కుతుంటాయి. సరిగ్గా అప్పుడే మా ప్రోగ్రాం ఆగిపోయేది.

ఎందుకు ఆగేదంటే, ప్రోగ్రాం డిస్కును నేరుగా ముట్టుకోలేదు. మధ్యలో కెర్నెల్ ఉంటుంది. మెషీన్‌కు అది పెద్దమనిషి. డిస్కు, నెట్‌వర్క్, మెమరీ అన్నీ దాని చేతిలోనే. "ఈ బరువు రాసిపెట్టు" అని ప్రోగ్రాం దాన్ని అడగాలి. నేను నేర్చుకున్న పద్ధతిలో, అడిగి అక్కడే నిలబడాలి. పని అయిందని కెర్నెల్ చెప్పాకే కదలాలి. నెట్‌వర్క్ నుంచి వచ్చేవాటి కోసం ఇలా నిలబడకుండా ఉండే ఉపాయం చాలా ఏళ్ల కిందటే వచ్చింది, నేనూ వాడాను. డిస్కు మీది ఫైళ్ల దగ్గర ఆ ఉపాయం పనిచేయదు. డిస్కుకు తీరిక లేకపోతే మా ప్రోగ్రాం దాని ముందు చేతులు కట్టుకొని నిలబడేది. అది నిలబడితే మెండోర నుంచి బోధన్ దాకా అన్ని కాంటలూ నిలబడేవి.

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఒక అమ్మాయి పనిచేసేది. బోధన్ పిల్ల. ఎంసీఏ చదివి వచ్చింది. వాళ్లది ఆ ఊళ్లో తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబం, తాత గడియారాలు బాగు చేసేవాడట. తండ్రిని అబ్బా అంటుంది, ఆయన బోధన్ రోడ్డు కాంటలోనే క్యాబిన్‌లో కూర్చుంటాడు. వెండి ఉంగరంలో ఫిరోజా రాయి, అద్దం మీద కొట్టేది దానితోనే. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని చాచా అంటారు. స్కూలు అయిపోగానే ఆ క్యాబిన్‌లో కూర్చొని హోంవర్క్ చేసుకున్న పిల్ల ఈమె.

ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, మన ప్రోగ్రాం పొద్దుందాక నిలబడుడే చేస్తున్నది," అంది.

"నిలబడ్డా పని అయితున్నది గద."

"అయితున్నది. వెనక ట్రాక్టర్లు పెట్రోల్ పంపు దాక ఆగుతున్నయి. తిట్లు తినేది మనం కాదు, మా అబ్బా."

కెర్నెల్‌లో కొత్తగా ఒక పద్ధతి వచ్చిందని, దాని పేరు ఐఓ యూరింగ్ అని చెప్పింది. ప్రోగ్రాముకు, కెర్నెల్‌కు మధ్య ఇద్దరికీ కనబడే రెండు వలయాలు ఉంటాయి. ఒకదాంట్లో ప్రోగ్రాం తన పనులు వరుసగా పెట్టి ముందుకు సాగిపోతుంది. కెర్నెల్ వాటిని ముగించిన కొద్దీ రెండోదాంట్లో జవాబులు పెడుతుంది. ఎవరూ ఎవరి ముందూ నిలబడనక్కరలేదు. డిస్కుకైనా, నెట్‌వర్క్‌కైనా అదే దారి.

నేను అడిగాను: "మరి పని ఇచ్చి ఎల్లిపోతే, మనం ఇచ్చిన మెమరీ సంగతేంది? కెర్నెల్ దాన్ని ఎప్పుడు చదువుతదో మనకెట్ల తెల్సు?"

"తెల్వదు సార్. జవాబు వచ్చేదాక మనం దాన్ని ముట్టొద్దు, అంతే." ఆమె నవ్వింది. "కాంట మీదున్న బండి కాంటదే. అబ్బా ఉంగరం కొడ్తరు సూడుండ్రి, గది రెండో వలయం."

ఇంత చక్కగా చెప్పినా నాకు నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణాలు వెతికాను. సర్వర్‌లో కెర్నెల్ పాతది, మార్చాలి అన్నాను. మార్చింది. కొన్ని చోట్ల భద్రత కోసం దీన్ని మూసి ఉంచుతారట అన్నాను. "మన సర్వర్ల వేరేటోళ్ల ప్రోగ్రాములు నడువయి గద సార్," అంది. చివరికి ఒప్పుకున్నాను. మెమరీని సమానమైన ముక్కలుగా చేసింది. ఒక్కో బండికి ఒక్కో ముక్క. ముక్కలన్నీ కెర్నెల్ చేతిలో ఉంటే, ఒకటి తిరిగి వచ్చేదాకా కొత్త బండి కాస్త ఆగుతుంది. రాత, దాని వెనకే డిస్కుకు గట్టిగా చేరిందన్న ఖరారు, ఆ తర్వాతే చీటి. మూడూ ఒకదానికొకటి ముడివేసినట్టు ఉండేవి. నేను రాసినదాని కంటే శుభ్రంగా ఉంది. ఆ మాట అప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

ఆ చెరుకు కాలంలో సాయంత్రాలు బండ్లు ఆగలేదు. పటేల్ పేడా మిఠాయి డబ్బా పట్టుకొని మా ఆఫీసుకు మెట్లెక్కి వచ్చాడు. తిన్నగా ఆమె బల్ల దగ్గరికి పోయి డబ్బా పెట్టాడు. "మా కాంట ఇజ్జత్ నిలబెట్టినవ్ బిడ్డా." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ తిను ఇంజనీర్ సాబ్," అన్నాడు. తిన్నాను. తియ్యగానే ఉంది. లోపల మాత్రం ఏదో గుచ్చుకుంది.

తర్వాతి చెరుకు కాలంలో ఆమె చిన్నమ్మ కూతురి పెళ్లికి నాందేడ్ పోయింది. ఆ మధ్యాహ్నం పటేల్ ఫోన్ చేశాడు.

"ఏం సాబ్, మల్ల జర జర ఆగుతున్నది. పిల్ల లేకుంటే నీతోని కాదా?"

ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం ఫోన్ పెట్టేసి ఆమె రాసిన ప్రోగ్రాం తెరిచాను. కాంటలు పెరిగాయి, ముక్కలు అన్నే ఉన్నాయి, అందుకే కొత్త బండ్లు ఆగుతున్నాయి. ముక్కల సంఖ్య కాస్త పెంచితే చాలు. ఒక అంకె మార్చే పని. నా కంటికి అది ఆనలేదు. "ఆగు" అని రాసి ఉన్న చోటు ఒక్కటే కనబడింది. ఎందుకు ఆగాలి అనుకున్నాను. నా జీవితమంతా ఒకటే అలవాటు: రాయమని కెర్నెల్‌కు ఇచ్చి, ఆ పిలుపు నుంచి వెనక్కి వచ్చానంటే పని దాని జిమ్మేదారి, మెమరీ మళ్లీ నాది. పాత పద్ధతిలో అది నిజం. కొత్త పద్ధతిలో పని వరుసలో పెట్టడం వేరు, పని కావడం వేరు. ఆ తేడా ఆమె నాకు చెప్పింది. నేను విన్నాను. వేళ్లు మాత్రం వినలేదు. ఆగే చోటు తీసేసి, అన్నింటికంటే పాత ముక్కను తీసుకొని కొత్త బండి బరువు అందులో వేసేటట్టు మార్చాను. నేరుగా సర్వర్ మీదే మార్చాను, ఆఫీసు కాపీలో పెట్టలేదు. నాలుగు బండ్లు చూశాను, సరిగ్గానే వచ్చాయి. పటేల్‌కు ఫోన్ చేసి, "ఇగ ఆగదు," అని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో ఉన్న గర్వం నాకు ఇప్పటికీ వినబడుతుంది.

డిస్కు తీరిగ్గా ఉన్నప్పుడు కెర్నెల్ అప్పటికప్పుడే రాసేస్తుంది, కాబట్టి తప్పు బయటపడదు. సాయంత్రం ట్రాక్టర్లు కమ్ముకున్నప్పుడు కెర్నెల్ పనిని పక్కన పెట్టి తర్వాత అందుకుంటుంది. అది అందుకునేసరికి ఆ ముక్కలో వేరే బండి బరువు ఉంటుంది, డిస్కు మీదా చీటి మీదా అదే పడుతుంది. ఒక బండికి ఉంగరం కొట్టకముందే ఇంకో బండిని పలక మీదికి తోసినట్టు.

బోధన్‌లో మొదట అది నవ్వులాటగా మొదలైంది. ఒక రైతు చీటి చూసుకొని, "చాచా, నా ట్రాలీల చెరుకున్నదా, పిట్టలున్నయా?" అన్నాడట. ఆయన చీటి మీద పడింది నందిపేట్‌లో తూగిన పసుపు సంచుల ఆటో బరువు. అలాంటివి కనబడతాయి, దిద్దుకుంటారు. చెరుకు ట్రాక్టర్ బరువు ఇంకో చెరుకు ట్రాక్టర్ చీటి మీద పడితే కనబడదు. అలాంటి చీటి పట్టుకొని ఒక రైతు దూరపు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాదం పెట్టుకున్నాడు. చూస్తే అక్కడి తూకమే సరైనది. అందరి ముందూ అబద్ధాలకోరు అయ్యాడు. తిరిగొచ్చి చీటిని చాచా కిటికీలో విసిరాడు.

నేను పోయేసరికి చాచా తన క్యాబిన్ బయట నిలబడి ఉన్నాడు. లోపల ఆయన కుర్చీలో పటేల్ కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకడు, "ఉంగరం చప్పుడు అందరికీ ఒక్కటే, తూకం మాత్రం మనిషికొకటి," అన్నాడు. చాచా వినిపించనట్టే రోడ్డు వైపు చూస్తున్నాడు.

అప్పటికే నాకు అంతా తెలుసు. ఆఫీసులో నమోదైనవి చూడగానే అర్థమైంది. అర్థమైన మరుక్షణం ఆమె ప్రోగ్రామును, నా మార్పును కలిపి తీసేసి, నా పాత ప్రోగ్రామును పెట్టి బయలుదేరాను. నేను చేసింది ఇక ఎక్కడా లేదు.

"చాచాది తప్పు లేదు పటేలా," అన్నాను. "కంప్యూటర్ల కొత్త పద్ధతి పెట్టినం. గది కుదరలే. పాతది పెట్టిన, ఇగ ఫికర్ లేదు."

"పిల్ల పెట్టిందేనా?"

చాచా ఇటు తిరిగాడు.

"ఆ," అన్నాను.

ఒక్క అక్షరం. ఆ అక్షరంతో తండ్రిని కాపాడానని కూడా నాకు నేను చెప్పుకున్నాను. పటేల్ లేచి కుర్చీ ఇచ్చాడు. చాచా పోయి కూర్చున్నాడు. పలక మీద బండి ఉంది, దాని అంకె చూడటం మొదలుపెట్టాడు.

నాందేడ్ నుంచి వచ్చాక ఆమె నా ముందు నిలబడి అడిగింది. "సార్, నేను రాసిన దాంట్ల బండ్లు ఆగుతయి. కలువయి. ఎవరన్న ముట్టిండ్రా?"

"ఎవరు ముడ్తరు? ఉన్నది నువ్వు, నేనే గద."

"గందుకే అడుగుతున్న."

"లేదు," అన్నాను.

ఆమె తన బల్ల దగ్గరికి పోయింది. ఆ చెరుకు కాలం ముగిసేదాకా పనిచేసి మానేసింది. బోధన్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే పనిలో చేరిందని తెలిసింది.

ఆ తర్వాత ఏళ్లపాటు నేను ఒక పాట పాడాను. కొత్త పద్ధతులు పెద్ద కంపెనీలకే గానీ మన పనికి రావని, ఒకసారి పెట్టి దెబ్బతిన్నామని, కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్లకూ చెప్పాను. వాళ్లు నమ్మారు. ఆగడం తగ్గించడానికి పెద్ద మెషీన్ కొనిపించాను, డిస్కులు మార్పించాను. పనిమీద బోధన్ కాంటకు పోయినప్పుడల్లా ఒకటి గమనించేవాణ్ణి. ఇంతకుముందు చాచా గీత అవతల నిలబడ్డ ప్రతి డ్రైవర్‌కు కూతురి గురించి చెప్పేవాడు. ఇప్పుడు ఎవరైనా, "చాచా, మీ బిడ్డ కంప్యూటర్ ఎట్లున్నది?" అని వెక్కిరించినా బదులు చెప్పేవాడు కాదు. ఉంగరం కొట్టి, "పో," అనేవాడు.

ఈ ఏడాది వడ్ల లారీల కాలంలోనే సర్వర్ మళ్లీ ఆగడం మొదలుపెట్టింది. పటేల్ కొత్త కాంటలు పెడుతున్నాడు, ఒక్కో కాంటకు కెమెరాలు పెంచాడు. ఫొటోలన్నీ డిస్కు మీదికే. ఇంకో పెద్ద మెషీన్ కొందామన్నాడు. ఎంత పెద్దది కొన్నా నా ప్రోగ్రాం దాని ముందు నిలబడే ఉంటుంది. అది నాకు తెలుసు. ఈసారి కొత్త పద్ధతికి మారక తప్పదని నిర్ణయించుకొని కూర్చున్నాను. కెర్నెల్ మార్చాను. ఆమె చెప్పినట్టే ముక్కలు, వలయాలు, ముడులు, అన్నీ మొదటి నుంచి రాశాను. వారాలు పట్టింది. ఈ వయసులో పాత అలవాటును వేళ్లలోంచి తీయడం తేలిక కాదు. మొండిగా తీశాను.

పని ఒక దారికి వచ్చాక పటేల్ ఫోన్ చేశాడు. "మల్ల ఆ పిల్ల తెచ్చిన గడబిడ తేవు గద?"

చాలా తేలికైన దారి ముందుంది. "లేదు, ఇది వేరేది," అంటే చాలు. ఎవరికీ తెలియదు. ప్రోగ్రాం బాగా నడుస్తుంది, పేడా డబ్బా ఈసారి నా బల్ల మీదికే వస్తుంది. ఆమె పేరు మాత్రం ఎప్పటికీ ఆ గడబిడ కిందే ఉండిపోతుంది. "రేపు వచ్చి చెప్త పటేలా," అన్నాను. చెప్పకుండా దాన్ని సర్వర్‌లో పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

పొద్దున్నే బోధన్ పోయాను. క్యాబిన్‌లో పటేల్ స్టూలు మీద కూర్చొని టీ తాగుతున్నాడు. పలక మీద వడ్ల లారీ ఉంది. "చాచా, మీకు ఒక మాట చెప్పాలె," అన్నాను.

"ఆగుండ్రి. బండి ఉన్నది."

ఆగాను. అంకె నిలబడింది. చీటి వచ్చింది. ఉంగరం అద్దాన్ని తాకింది. లారీ దిగింది. వెనక లారీని ఎక్కనివ్వకుండా చాచా చెయ్యి అడ్డంగా చూపించాడు. "ఇగ చెప్పుండ్రి."

చెప్పాను. ఆమె రాసిన ప్రోగ్రాం సరైనదని, ఆమె నాందేడ్ పోయినప్పుడు అందులో ఆగే చోటు తీసింది నేనని, చీటీలు కలిసింది దానివల్లేనని, ఆమె అడిగితే లేదన్నానని. తడబడకుండా చెప్పాను, దారంతా అదే మననం చేసుకుంటూ వచ్చాను.

పటేల్ టీ గ్లాసు కింద పెట్టాడు. "మరి గప్పుడు నేను అడిగితే 'ఆ' అంటివి గద."

"అన్న."

"నోరెట్ల వచ్చింది సాబ్?"

"పిల్ల లేకుంటే నీతోని కాదా అన్నరు మీరు. అయితదని సూపెట్టాలనుకున్న. కాలే."

"అంటే ఇప్పుడు నా మీదికి తోస్తున్నవా?"

"లేదు పటేలా. ఎందుకు ముట్టిననో చెప్తున్న. ముట్టింది నేనే."

చాచా ఉంగరాన్ని వేలి చుట్టూ తిప్పుతున్నాడు. మాట్లాడింది నాతో కాదు, అద్దంతో అన్నట్టు. "నా బిడ్డ చెప్పింది. 'అబ్బా, నేను కాదు' అన్నది. నేను నమ్మలే. గంత పెద్ద ఇంజనీర్‌కు అబద్ధం ఆడే అవసరమేంది అనుకున్న." తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు చేసిందానికి కాదు సాబ్, నేను నమ్మనిదానికి నాకు నిద్ర రాదు ఇగ. పోండ్రి. కాలేజీలనే ఉన్నది. ఆమెకు చెప్పుండ్రి."

బయట లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. చాచా చెయ్యి దించాడు.

కాలేజీ ల్యాబ్‌లో ఆమె ఒక్కతే ఉంది, ఒక కంప్యూటర్ వెనక వైర్లు సరిచేస్తోంది. నేను నిలబడే అంతా చెప్పాను. ఆమె వైరు గుచ్చి, చేతులు దులుపుకొని లేచింది.

"నాకు తెల్సు సార్."

"ఎట్ల?"

"చీటీలు కలువంగనే మీరు పాతది పెట్టిండ్రు. ఏమైందో తెల్వనోళ్లు ముందు కారణం ఎతుకుతరు. మీరు ఎతుకలే."

ఇన్నేళ్లూ ఎక్కడా ఆనవాలు లేదనుకున్నాను. నా తొందరే ఆనవాలు.

"మల్ల ఆఫీసుకు రా అమ్మా," అన్నాను. "ఇది నీ పని. నువ్వే పెట్టు."

"రాను," అంది, కోపం లేకుండా. "నౌకరీ నాకు ఇక్కడ ఉన్నది. కోడ్ తెచ్చిండ్రా?"

లాప్‌టాప్ తెరిచాను. ఆమె కుర్చీ లాక్కొని చదవడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడ్డాను. ఒక్కో వరుసా కిందికి జరుపుతూ పోయింది. తర్వాత తెర మీద ఒకచోట వేలు పెట్టింది. "ఇక్కడ సార్."

చూశాను. పని మధ్యలో కాంట నుంచి నెట్‌వర్క్ తెగిపోతే, ఆ బండిని రద్దు చేసి దాని ముక్కను వెంటనే ఖాళీ అనుకుంటున్నాను. రద్దు చేయమని చెప్పడం కూడా ఒక పనే, దానికీ కెర్నెల్ జవాబు రావాలి. రాకముందే ముట్టాను. వారాలపాటు నా వేళ్లతో కొట్లాడి, గెలిచాననుకున్న చోట అదే పాత అలవాటు ఒక మూలన కూర్చొని ఉంది.

"బండి ఇంకా కాంట మీదనే ఉన్నది," అంది ఆమె.

అక్కడే కూర్చొని సరిచేశాను. ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది. డిస్కును కావాలని ఇరుకున పెట్టి, వేల బండ్లు ఒక్కసారి వచ్చినట్టు పరీక్ష పెట్టి చూడమంది. తీరిగ్గా ఉన్న మెషీన్ మీద చూస్తే ఏదైనా బాగానే ఉంటుందంది. ఆ మాట ఎవరి గురించో ఇద్దరికీ తెలుసు. లేచేటప్పుడు ఒకటి అడిగింది.

"పటేల్‌కు చెప్పుడు వేరు సార్. గీత అవతల నిలబడేటోళ్లకు చెప్పుండ్రి. అబ్బాను మాటలన్నది వాళ్లు."

పరీక్షలన్నీ అయ్యాక, చెరుకు కొట్టడం మొదలైన రోజుల్లో కొత్త ప్రోగ్రాం పెట్టాను. పెట్టిన సాయంత్రం బోధన్ కాంట దగ్గరే ఉన్నాను, సున్నపు గీత అవతల, డ్రైవర్ల మధ్య. బండి దిగి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను: ఆ ఏడాది చీటీలు కలిపింది నేను, చాచా కాదు, ఆయన కూతురు కాదు. కొందరికి ఆ సంగతే గుర్తు లేదు. కొందరు బీడీ వెలిగించుకొని విని ఊరుకున్నారు. ఆ రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర మాట పడ్డ రైతు కూడా వచ్చాడు. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"గిది చెప్పేతందుకు గిన్నేండ్లు కాంట మీదనే నిలబడ్డవా సార్?" అన్నాడు. "దిగు ఇగ. వెనక బండ్లున్నయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. క్షమించాడని నేను అనుకోవడం లేదు.

ట్రాక్టర్లు పెట్రోల్ పంపు దాకా వరుస కట్టాయి. నా ఫోన్‌లో సర్వర్ కనబడుతోంది. డిస్కు నిండా పని, రెండు వలయాలూ తిరుగుతున్నాయి. అప్పుడప్పుడు ముక్కలన్నీ కెర్నెల్ చేతిలోకి పోయి, ఒక బండి రెప్పపాటు ఆగుతోంది. ఆగి, తన ముక్క తనకు దొరికాక కదులుతోంది. అలా ఆగినప్పుడల్లా నా వేలు దాన్ని తోయాలని చూసింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఒక కుర్ర డ్రైవర్ దిగుతూ క్యాబిన్ వైపు అరిచాడు. "చాచా, మల్ల నీ బిడ్డ కంప్యూటరేనా?"

చాచా కిటికీ తెరిచి తల బయట పెట్టాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ప్రశ్నకు ఆయన బదులు చెప్పడం విన్నాను.

"నా బిడ్డదే. నువ్వు గీత అవతల నిలబడు."

కిటికీ మూసి, అంకె వైపు తిరిగాడు.